ఆలస్యంగా ముదిరిన నీలం

మాంసాన్ని నీళ్లలో ఉడికించి, ఆ రసాన్ని వడకట్టి చిక్కబరిస్తే తెల్లని స్ఫటికాల పదార్థం ఒకటి మిగులుతుంది. 1832లో ఫ్రెంచి రసాయనవేత్త మిషెల్ షెవ్రోల్ దాన్ని వేరుచేసి, గ్రీకు భాషలో మాంసాన్ని చెప్పే మాట మీదుగా క్రియాటిన్ అని పేరు పెట్టారు. ఈనాడు కిడ్నీ పరీక్ష చీటీలో కనిపించే క్రియాటినిన్ దాని నుంచి పుట్టేదే. ఒంట్లోని క్రియాటిన్‌లో సింహభాగం కండరాల్లోనే ఉంటుంది. 1847లో జర్మనీకి చెందిన యూస్టుస్ ఫాన్ లీబిగ్ ఒక ఆసక్తికరమైన సంగతి గమనించారు. వేటకుక్కలు తరిమి తరిమి చంపిన నక్క మాంసంలో, బోనులో పెరిగిన నక్క మాంసంలో కంటే క్రియాటిన్ పది రెట్లు ఉన్నట్టు ఆయన లెక్క తేలింది. కండరం చేసే పనికీ దీనికీ ఏదో సంబంధం ఉందన్న అనుమానం అప్పుడే పుట్టింది. ఆ సంబంధం ఏమిటన్నది మాత్రం మరో 80 ఏళ్ల దాకా ఎవరికీ అంతుపట్టలేదు.

ఆ మధ్యకాలంలో శాస్త్రవేత్తల దృష్టంతా లాక్టిక్ ఆమ్లం మీద నిలిచింది. 1907లో కేంబ్రిడ్జిలో వాల్టర్ ఫ్లెచర్, ఫ్రెడరిక్ హాప్‌కిన్స్ కప్ప కండరాలతో జాగ్రత్తగా ప్రయోగాలు చేసి, అలసిన కండరంలో ఈ ఆమ్లం పేరుకుంటుందని, ప్రాణవాయువు అందితే తగ్గిపోతుందని చూపారు. తర్వాత ఇంగ్లండులో ఆర్చిబాల్డ్ హిల్ కండరం వెలువరించే వేడిని కొలిచారు. జర్మనీలో ఓటో మయర్‌హాఫ్ ఖర్చయిన గ్లైకోజన్‌నూ, పుట్టిన ఆమ్లాన్నీ లెక్కగట్టారు. ఇద్దరి లెక్కలూ చక్కగా కలిశాయి. 1922 సంవత్సరపు వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి వాళ్లకు దక్కింది. కండరం ముడుచుకోవడానికి కారణం లాక్టిక్ ఆమ్లమేనన్నది అప్పటికి పాఠ్యపుస్తకాల మాట. ఇంత పకడ్బందీగా కట్టిన సిద్ధాంతం పదేళ్లు తిరక్కుండానే కూలిపోతుందని అప్పుడెవరూ ఊహించి ఉండరు. తొలి పగులు తెచ్చింది కూడా ప్రతిసిద్ధాంతం కాదు. గాజు గొట్టంలో తేలిన ఒక నీలి రంగు, అది కూడా రావలసిన వేళకు పూర్తిగా రాకపోవడం.

ఆ నీలి రంగు భాస్వరాన్ని కొలవడానికి ఉద్దేశించినది. భాస్వరం ఎముకల్లో ఉంటుంది, రక్తంలో ఉంటుంది, ప్రతి కణంలోనూ ఏదో ఒక రూపంలో ఉంటుంది. పిల్లల్లో ఎముకలు వంగిపోయే రికెట్స్‌లోనూ, మూత్రపిండాల జబ్బుల్లోనూ రక్తంలోని ఫాస్ఫేట్ పాళ్లు మారతాయి. కాబట్టి దాన్ని కొలవడం వైద్యులకు అవసరమైంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారి రక్తరసంలో 100 మిల్లీలీటర్లకు 3, 4 మిల్లీగ్రాముల భాస్వరం మాత్రమే ఫాస్ఫేట్ రూపంలో ఉంటుంది. పాత పద్ధతి ప్రకారం ఫాస్ఫేట్‌ను మడ్డిగా దిగేలా చేసి, వడకట్టి, కాల్చి, బూడిదను త్రాసులో తూచాలి. అలా తూచాలంటే రక్తం బాగా కావాలి. పసిబిడ్డ నుంచి అంత రక్తం తీయడం కుదరని పని.

ఈ చిక్కుకు విరుగుడు చూపిన వారిలో హార్వర్డ్ వైద్య కళాశాల ఆచార్యుడు ఓటో ఫోలిన్ ముఖ్యులు. స్వీడన్‌లో పుట్టి అమెరికా చేరిన ఆయన తూకానికి బదులు రంగును నమ్మారు. కొలవదలచిన పదార్థానికి రంగు తెప్పించే రసాయనం ఒకటి కలిపి, ఆ రంగు గాఢతను బట్టి పాళ్లు చెప్పడం ఆయన దారి. చైనా నుంచి వచ్చిన శిష్యుడు సియెన్ వూతో కలిసి 1919లో ఆయన ప్రకటించిన రక్తపరీక్షల పద్ధతులు చాలా ఏళ్ల పాటు ప్రపంచమంతటా ఆసుపత్రులకు ఆధారమయ్యాయి. కొద్ది చుక్కల రక్తంతో పని జరిగే రోజులు అలా మొదలయ్యాయి.

ఫోలిన్ విభాగంలోనే సైరస్ ఫిస్కే అనే అధ్యాపకుడు భాస్వరం మీద పని చేస్తుండేవారు. ఆయన దగ్గర పని చేయడానికి వచ్చిన యువకుడు యెల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో మూడో ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కి, మద్రాసు వైద్య కళాశాలలో చదివిన మనిషి. గాంధీజీ పిలుపు విని ఖద్దరు కట్టినందుకు శస్త్రచికిత్స ఆచార్యుడి ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్ పట్టా రాక ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకోవలసి వచ్చింది. కొంతకాలం మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు. ఇద్దరు సోదరులను రోజుల తేడాతో పొట్టన పెట్టుకున్న స్ప్రూ వ్యాధి ఆయన మనసును వదల్లేదు. మామగారి సాయంతోనూ, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి అండతోనూ 1923 అక్టోబరులో బోస్టన్‌లో దిగారు. ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా చదువుతూ, పొట్ట గడవడానికి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేశారు. డిప్లొమా చేతికొచ్చాక జీవరసాయన విభాగంలో చేరారు. చేరిన కొద్దికాలానికే ఆయనకు అప్పగించిన పని ఈ భాస్వరం కొలత.

ఫాస్ఫేట్‌కు ఆమ్లంలో కరిగిన మాలిబ్డేట్ కలిపితే ఒక్కో ఫాస్ఫేట్ చుట్టూ 12 మాలిబ్డినం పరమాణువులు ఆక్సిజన్‌తో కలిసి గూడులా అల్లుకుంటాయి. ఆ గూడు పసుపు రంగులో ఉంటుంది. దానికి ఎలక్ట్రాన్లను ఇచ్చే పదార్థం, అంటే క్షయకరణి, ఏదైనా తగిలితే పసుపు పోయి గాఢమైన నీలం వస్తుంది. ఫాస్ఫేట్ ఎంత ఉంటే నీలం అంత. మిగిలిపోయిన మాలిబ్డేట్ జోలికి పోకుండా గూడును మాత్రమే నీలంగా మార్చే క్షయకరణి దొరకడమే అసలు సమస్య. 1920లో అమెరికాలోనే రిచర్డ్ బెల్, ఎడ్వర్డ్ డోయిసీ హైడ్రోక్వినోన్ వాడి ఒక పద్ధతి తెచ్చారు. దాన్ని తర్వాత బ్రిగ్స్ సవరించారు. అయినా రంగు నెమ్మదిగా వచ్చేది, నిలకడ ఉండేది కాదు, ద్రావణంలో ఇతర లవణాలుంటే లెక్క తప్పేది. ఫిస్కే, సుబ్బారావు అద్దకపు రంగుల పరిశ్రమలో వాడే అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లాన్ని ఎంచుకుని, సోడియం సల్ఫైట్, బైసల్ఫైట్‌లతో కలిపి వాడారు. చిటికెడు పొడి చాలు, నీలం కొద్ది నిమిషాల్లోనే వచ్చి నిలిచేది. 1925లో జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీలో ఈ పద్ధతి పాతిక పేజీల వ్యాసంగా అచ్చయింది. జీవరసాయన శాస్త్రంలో ఎక్కువ మంది ఉదహరించిన వ్యాసాలలో అది ఒకటి.

ఆ నీలాన్ని చదివే పరికరం డుబోస్క్ కలరిమీటరు. ఎలక్ట్రానిక్ పరికరాలు రాకముందు ప్రతి జీవరసాయన ప్రయోగశాలలోనూ అది ఉండేది. నిలువుగా ఉన్న చట్రంలో పక్కపక్కనే రెండు గాజు గిన్నెలు, ఒక దాంట్లో ఫాస్ఫేట్ ఎంత ఉందో ముందే తెలిసిన ద్రావణం, రెండో దాంట్లో తెలియనిది. ఒక్కో గిన్నెలోకి పైనుంచి ఒక గాజు కడ్డీ దిగి ఉంటుంది. కింది నుంచి వచ్చే వెలుతురు రెండు ద్రావణాల గుండా పైకి వచ్చి ఒకే కటకంలో చేరుతుంది. కన్ను ఆనించి చూస్తే నిలువుగా రెండు సగాలైన గుండ్రని వెలుగు కనబడుతుంది, ఎడమ సగం ఒక గిన్నెది, కుడి సగం రెండో దానిది. మర తిప్పుతూ గిన్నెను పైకీ కిందికీ జరుపుతుంటే ఆ సగం నీలం పలచబడుతూ, ముదురుతూ ఉంటుంది. మధ్యగీత కనబడకుండా రెండు సగాలు ఒక్కటైపోయినప్పుడు ఆపి, పక్కనున్న కొలబద్ద చదవాలి. తెలిసిన ద్రావణం 20 మిల్లీమీటర్ల లోతులో ఇచ్చే నీలాన్ని తెలియనిది 10 మిల్లీమీటర్లలోనే ఇచ్చిందంటే అందులో ఫాస్ఫేట్ రెట్టింపు ఉన్నట్టు. పని అంతా కంటిదే. అలసిన కన్ను, తొందరపడే చెయ్యి లెక్కను తప్పిస్తాయి.

రక్తంలో పద్ధతి చక్కగా పనిచేసింది. కండరంలో పెట్టేసరికి తేడా వచ్చింది.

కండరాన్ని చల్లని ట్రైక్లోరో అసెటిక్ ఆమ్లంలో నూరితే మాంసకృత్తులు విరిగి అడుగున దిగుతాయి. పైనున్న తేటను వడకట్టి, అందులో మాలిబ్డేట్, క్షయకరణి కలిపి నీలం కోసం చూడాలి. ఫిస్కే, సుబ్బారావు పిల్లి కండరాలతో ఈ పని చేశారు. నీలం వచ్చింది కాని నిలవలేదు. మొదట చూసినప్పుడు ఒక అంకె, మరి కాసేపటికి ఇంకొంచెం పెద్ద అంకె, ఆ తర్వాత మరింత పెద్దది. తెలిసిన ఫాస్ఫేట్ ఉన్న గిన్నెలో రంగు ఎప్పుడో స్థిరపడింది, కండరపు గిన్నెలో ఇంకా ముదురుతూనే ఉంది.

చేతిలో ఉన్నది కొత్త పద్ధతి, దాన్ని అచ్చువేసి ఏడాదో రెండేళ్లో అయింది. ఇలాంటి తేడా కనబడినప్పుడు పద్ధతిలోనే ఏదో లోపముందని సర్దుకోవడం సులువు. కండరంలోని ఏదో మలినం రంగును అడ్డుకుంటోందని రాసి, రంగు స్థిరపడేదాకా ఆగి చదవమని సలహా ఇచ్చి ఊరుకోవచ్చు. ఫిస్కే, సుబ్బారావు అలా వదలలేదు. అడ్డుపడే మలినమే కారణమైతే ఫాస్ఫేట్ మొత్తానికి రంగు ఆలస్యమవ్వాలి. ఇక్కడ కొంత ఫాస్ఫేట్ వెంటనే రంగునిస్తోంది, మిగిలింది మాత్రం దశలవారీగా బయటపడుతోంది. అంటే ఆ మిగిలిన ఫాస్ఫేట్ విడిగా లేదు, మరో పదార్థాన్ని పట్టుకుని ఉంది, ఆ పట్టు గాజు గొట్టంలోని ఆమ్ల మాలిబ్డేట్‌లోనే మెల్లగా సడలిపోతోంది. రంగు ముదురుతున్న తీరును సమయంతో పాటు కొలుచుకుంటూ వెనక్కి వెళితే, మొదట్లో విడిగా ఉన్న ఫాస్ఫేట్ ఎంతో, పట్టులో ఉన్నది ఎంతో వేరుచేయవచ్చు. అప్పటిదాకా కండరంలో విడి ఫాస్ఫేట్‌గా లెక్కించినదంతా విడి ఫాస్ఫేట్ కాదని ఇక్కడే తేలింది. కండరం కోసేటప్పుడూ, నూరేటప్పుడూ ఆ పట్టు విడిపోతుండటం వల్ల ఇన్నాళ్లూ అది ఎవరి కంటా పడలేదు.

ఫాస్ఫేట్‌ను పట్టుకున్నది ఏమిటని వెతికితే జవాబు ఆశ్చర్యకరం. సడలిన ఒక్కో ఫాస్ఫేట్‌కు ఒక్కో క్రియాటిన్ అణువు బయటపడుతోంది. షెవ్రోల్ ఉడికించిన మాంసంలో, లీబిగ్ నక్క మాంసంలో చూసిన క్రియాటిన్ బతికున్న కండరంలో చాలా భాగం ఫాస్ఫేట్‌ను అంటిపెట్టుకునే ఉంటుందన్నమాట. కొత్త పదార్థానికి ఫాస్ఫోక్రియాటిన్ అన్న పేరు వచ్చింది. 1927 ఏప్రిల్‌లో సైన్స్ పత్రికలో ఈ కబురు వెలువడింది. 1929లో ఆ పదార్థాన్ని కాల్షియం లవణం స్ఫటికాలుగా వేరుచేసి చూపారు. విద్యుత్తుతో కండరాన్ని పని చేయిస్తే ఫాస్ఫోక్రియాటిన్ తగ్గి విడి ఫాస్ఫేట్ పెరిగేది. రక్తం అందేలా వదిలేసి విశ్రాంతి ఇస్తే మళ్లీ కూడేది. లీబిగ్ అనుమానానికి అసలైన ఆధారం దొరికింది.

1927 మొదట్లోనే లండన్‌లో ఫిలిప్, గ్రేస్ ఎగిల్టన్ దంపతులు కప్ప కండరంలో ఇలాగే సులువుగా విడిపోయే ఫాస్ఫేట్ ఉందని కనిపెట్టి దానికి ఫాస్ఫాజెన్ అని పేరు పెట్టారు. వాళ్లు పని చేసినది లాక్టిక్ ఆమ్ల సిద్ధాంతకర్త హిల్ ఉన్న విశ్వవిద్యాలయ కళాశాలలోనే. ఫాస్ఫాజెన్‌లో ఉన్నది క్రియాటిన్ అని తేల్చిన ఘనత మాత్రం బోస్టన్ జంటదే. అట్లాంటిక్‌కు అటూ ఇటూ కొద్ది నెలల తేడాతో ఒకే వస్తువు దొరికింది కాబట్టి, అది ఎవరి పొరపాటు వల్లనో పుట్టిన భ్రమ కాదని నమ్మకం కుదిరింది.

ఇంత జరిగినా లాక్టిక్ ఆమ్ల సిద్ధాంతం వెంటనే పడిపోలేదు. విడిపోయిన ఫాస్ఫోక్రియాటిన్ ఆమ్లతను కొంత తగ్గించగలదు కాబట్టి, అది లాక్టిక్ ఆమ్లానికి తోడుగా ఉందని సర్దిచెప్పుకోవడానికి వీలుండేది. అసలు దెబ్బ 1930లో కోపెన్‌హాగెన్ నుంచి తగిలింది. ఐనర్ లుండ్స్‌గోర్ అనే యువ వైద్యుడు అయొడోఅసెటిక్ ఆమ్లం ఎక్కించిన జంతువుల కండరాలు బిగుసుకుపోవడం చూశారు. పరీక్షిస్తే వాటిలో లాక్టిక్ ఆమ్లం పుట్టనే లేదు. ఈ విషం ఆమ్లం పుట్టే దారిని మూసేసింది, అయినా కండరాలు ముడుచుకున్నాయి. ఎంతసేపు? ఫాస్ఫోక్రియాటిన్ నిల్వ అయిపోయేంత సేపు. నిల్వ నిండుకోగానే బిగుసుకున్నాయి. కండరం పనిచేయడానికి లాక్టిక్ ఆమ్లం అక్కర్లేదని దీనితో తేలిపోయింది. హిల్ వెనుకాడకుండా ఆ మాట ఒప్పుకున్నారు. 1932లో ఆయన రాసిన సమీక్షా వ్యాసం శీర్షికే కండర శరీరధర్మ శాస్త్రంలో విప్లవం అన్నది. తనకు నోబెల్ తెచ్చిన మెట్టును తానే వదులుకోవడం ఆయన పెద్దమనసుకు నిదర్శనం.

ఫిస్కే, సుబ్బారావు ఈలోగా అదే కండరపు తేటలో మరో పదార్థాన్ని పట్టారు. ఫాస్ఫోక్రియాటిన్ తీసేశాక కూడా, ఆమ్లంలో మరిగిస్తే విడిపోయే ఫాస్ఫేట్ మిగులుతోంది. దాన్ని వేరుచేసి చూస్తే అడెనిన్, ఒక చక్కెర, మూడు ఫాస్ఫేట్‌లు కలిసిన అణువుగా తేలింది. 1929లో వాళ్లు దాన్ని సైన్స్‌లో ప్రకటించారు. మయర్‌హాఫ్ శిష్యుడు కార్ల్ లోమన్ అదే సంవత్సరం కొద్ది నెలల ముందు జర్మన్ పత్రికలో దాన్ని ప్రకటించి ఉన్నారు. లోమన్ గమనించిన గుర్తు ఏమిటంటే, మరిగే ఆమ్లంలో 7 నిమిషాలు ఉంచితే మూడు ఫాస్ఫేట్‌లలో చివరి రెండూ ఊడిపోతాయి, మూడోది అంటిపెట్టుకుని ఉంటుంది. ఆ అణువే అడెనొసిన్ ట్రైఫాస్ఫేట్, ఇవాళ్టి పదో తరగతి పిల్లలకు కూడా తెలిసిన ఏటీపీ.

ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల మధ్య బంధుత్వం తేలింది 1934లో, లోమన్ చేతిలోనే. కండరపు రసంలోని చిన్న అణువులను కడిగేస్తే అందులో ఫాస్ఫోక్రియాటిన్ విడిపోదని, అడెనొసిన్ ఫాస్ఫేట్ కలిపితేనే విడిపోతుందని ఆయన చూపారు. అంటే ఫాస్ఫోక్రియాటిన్ నేరుగా ఖర్చవదు, ఖర్చయిన ఏటీపీని మళ్లీ నింపుతుంది. బస్సు కదలబోతుంటే పరుగందుకున్న మనిషి ఒంట్లో మొదటి పది సెకన్లు జరిగేది ఇదే. కండరంలో ఏటీపీ నిల్వ చాలా తక్కువ, దాన్ని ఆపకుండా నింపుతున్న తొలి సాయం ఫాస్ఫోక్రియాటిన్. గ్లూకోజు మంట, ఊపిరి, రక్తప్రసరణ వేగం పుంజుకునేలోపు ఆ సాయమే నడిపిస్తుంది. 1939లో మాస్కోలో వ్లదిమీర్ ఎంగెల్‌హార్ట్, ఆయన భార్య మిలిట్సా ల్యుబిమోవా కండరపు మాంసకృత్తి మయోసిన్‌తోనే ఏటీపీ విడిపోతుందని కనిపెట్టారు. 1941లో ఫ్రిట్జ్ లిప్‌మన్ ఈ తెగిపోయే బంధాలను వంకరగీతతో సూచించి, కణాలన్నిటికీ శక్తి మారకం ఫాస్ఫేట్ ద్వారానే జరుగుతుందన్న చిత్రాన్ని పూర్తిచేశారు.

ఈ చిత్రంలో మొదటి గీత గీసిన సుబ్బారావుకు హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. 1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లె ప్రయోగశాలలకు వెళ్లిపోయారు. అక్కడ ఆయన నాయకత్వంలో జరిగిన ఫోలిక్ ఆమ్ల కృత్రిమ తయారీ, పిల్లల రక్తక్యాన్సరుకు వాడిన అమైనోప్టెరిన్, బోదకాలు మందు డైఇథైల్ కార్బమజీన్ ఒక్కొక్కటీ విడిగా చెప్పుకోవలసిన కథలు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, ఆయన నిద్రలోనే కన్నుమూశారు.

పద్ధతి మాత్రం సృష్టికర్తలను దాటి బతికింది. ఎంజైములు ఫాస్ఫేట్‌ను ఎంత వేగంగా కోస్తున్నాయో కొలవాలన్నా, కణపు పొరల్లోని ఫాస్ఫోలిపిడ్‌ల పాళ్లు తెలియాలన్నా ఫిస్కే-సుబ్బారావు నీలమే ఆధారమైంది. 1959లో బార్ట్‌లెట్ అనే శాస్త్రవేత్త చేసిన సవరణ పద్ధతిలోనూ రసాయనం అదే, వేడి మాత్రమే కొత్తది. ఫాస్ఫోక్రియాటిన్‌కు, ఏటీపీకి మధ్య ఫాస్ఫేట్‌ను అటూ ఇటూ మార్చే ఎంజైము క్రియాటిన్ కైనేజ్. ఛాతీ నొప్పితో ఆసుపత్రికి వెళితే గుండె కండరం దెబ్బతిందా లేదా అని చూసే సీకే-ఎంబీ పరీక్ష ఆ ఎంజైములో ఒక రకాన్నే కొలుస్తుంది.

ఒకే ఒక్క ముడుపులో ఏటీపీ ఖర్చవుతుందని నేరుగా చూపడానికి మాత్రం 1962 దాకా ఆగవలసి వచ్చింది. ఫాస్ఫోక్రియాటిన్ వెనువెంటనే నింపేయడం వల్ల ఏటీపీ తగ్గినట్టు కనబడేదే కాదు. పెన్సిల్వేనియాలో కెయిన్, డేవిస్ కప్ప కండరంలో క్రియాటిన్ కైనేజ్‌ను రసాయనంతో ఆపేసి, ఆ నింపే దారిని మూశారు. అప్పుడు ముడుపుతో పాటే ఏటీపీ తగ్గడం లెక్కకు అందింది. 1974లో ఆక్స్‌ఫర్డ్ బృందం ఒకటి కండరాన్ని నూరకుండా, ఆమ్లంలో ముంచకుండా, బలమైన అయస్కాంత క్షేత్రంలో ఉంచి భాస్వరపు సంకేతాలను నమోదు చేసింది. కాగితం మీద గీసుకుపోయిన గీతలో ఏటీపీ మూడు ఫాస్ఫేట్‌లకు మూడు చిన్న శిఖరాలు, విడి ఫాస్ఫేట్‌కు మరొకటి, వాటి పక్కన అన్నిటికంటే ఎత్తుగా ఫాస్ఫోక్రియాటిన్ శిఖరం లేచాయి.